బాపు పెట్టె గుయ్‌మంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. జూనియర్ కాలేజీలో లెక్చరర్. పేరు వేయొద్దన్నారు. సంగతి ఇదీ.

వాళ్ల బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యారు, పోయిన ఏడు చనిపోయారు. ఆయన ప్రాణంగా చూసుకున్న రేడియోగ్రామ్ ఒకటుంది. మూత లేపితే రికార్డు ప్లేయరు, ముందువైపు గుడ్డ వెనక పెద్ద స్పీకరు, గాజు పలక మీద స్టేషన్ల పేర్లు, పక్కన ఆకుపచ్చగా వెలిగే కన్ను. కింది సొరుగులో పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకం కూడా దొరికిందట. మొదటి ముద్ర 1966 నాటిది. కాజీపేట ఇల్లు కిరాయికి ఇవ్వడానికి ఖాళీ చేస్తూ, ఆ పెట్టెను ట్రాలీ ఆటోలో ఎక్కించి హన్మకొండకు తెచ్చుకున్నారు.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అర నిమిషంలో గుయ్‌మని మొదలైంది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా సన్నగా ఉంటోంది. రేడియో పెడితే హైదరాబాద్ స్టేషన్ వస్తోంది గానీ మాటల వెనక ఆ చప్పుడు. రికార్డు వైపు తిప్పితే మాత్రం పాట కంటే ఆ గుయ్‌మనే హమ్మే ఎక్కువ. వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిప్పి పెడితే కొంచెం తగ్గింది. ఒక మెకానిక్‌ను పిలిస్తే వెనక అట్ట తీసి, లోపల వెలిగే గాజు గొట్టాలు, అంటే వాల్వులు, చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, ఈ వాల్వులు ఇప్పుడు దొరకవు, లోపలి సామానంతా తీసేసి బ్లూటూత్ బోర్డు పెట్టిస్త, 6 వేలు" అన్నాడు. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు ఎవరో పాత సామాను కొనేవారిని పట్టుకుని, 35 వేలు ఇస్తామంటున్నారు, ఎట్లాగూ పాడైంది కదా అమ్మేద్దాం అంటున్నాడు. అదే ఫోన్లో మొదట "నన్ను అడిగే తెచ్చినవా?" అని కూడా అన్నాడట. అమ్మ మాత్రం యాడాది మాసికం నాడు బాపు రికార్డులు ఆ పెట్టెలోనే వేయాలంటోంది. ఇంకా ఐదు వారాలుంది. హమ్ సంగతి చెబితే ఆమె, "అది మొదటి సంది గుయ్‌మంటనే ఉండె. మీ బాపు దాని మీద చెయ్యి పెట్టుకొని కూసునేటోడు" అంది.

ఆఖరి పేజీలో చివరి రెండు లైన్లు: ఎనిమిదో తరగతి చదివే పాప రికార్డు ప్లేయరు చెయ్యి పట్టుకుంటే జిల్లుమందట. భార్య దాన్ని వరండాలో పెట్టేయమంటోంది. "రిపేరా, బోర్డా, అమ్మకమా? ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు. వెనకాల వాల్వుల నంబర్లు కూడా ఓపికగా రాశారు.

జవాబు

ఒక్క మాటలో చెప్పగలిగింది ఒకటే ఉంది. ప్లగ్గు పీకేయండి. ఇక ఎవరూ ఆన్ చేయొద్దు, ఈ సమాధానం చదివి పరీక్షించడానికి కూడా వద్దు. మీరు ఉత్తరం చివర రాసిన మాట నాకు అన్నిటికంటే ముందు కనబడింది. పాపకు జిల్లుమన్నది పాత సామాన్లలో మామూలే అనుకోకండి. తడి కాళ్లతోనో, ఇంకో చెయ్యి గ్రిల్లు మీద ఉండగానో ముట్టుకుంటే అదే జిల్లు పెద్ద షాక్ అవుతుంది. మీ భార్య భయంలో తప్పేమీ లేదు, ఆమెతో వాదించకండి.

ఆన్ చేయకుండానే చాలా తెలుసుకోవచ్చు. కావలసిన పరీక్షలు సగం మీరే చేసేసి ఉత్తరంలో రాశారు, గమనించలేదు అంతే. మీరు ఒక హమ్ అని రాశారు. నాకు చదువుతుంటే రెండు వినిపించాయి. వాల్యూమ్ సున్నాలో ఉన్నా సన్నగా వచ్చేది ఒకటి. రికార్డు వైపు తిప్పితేనే వచ్చి, వాల్యూమ్‌తో పాటు పెరిగేది ఇంకొకటి. మొదటిది వాల్యూమ్ నాబ్ దాటిన తర్వాత పుడుతోంది కాబట్టి నాబ్ దాన్ని ఏమీ చేయలేదు. రెండోది నాబ్‌కు ముందే, ప్లేయరు దగ్గర పుడుతోంది. రెండింటి కారణాలు వేరు, వయసు కూడా వేరు. అమ్మ చెప్పిన మాట చూడండి. మొదటి నుంచీ గుయ్‌మంటూనే ఉండేదట, అయినా బాపు పాటలు విన్నారు. అంటే సన్నటి హమ్ కాజీపేటదే. పాటను మింగేసేది ట్రాలీ ఆటోలో వచ్చింది.

ముందు పాతదాని సంగతి. మీ వీధిలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే రాత్రి పదింటికి బండ్లు తగ్గాక దాని కింద నిలబడి వినండి. అది పలికే శ్రుతి సెకనుకు 100 కంపనాలు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపులో రెండు వైపులా ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము కదులుతుంది కాబట్టి 100. మీ రేడియోలో ఈజెడ్80 అనే వాల్వు ఉందని రాశారు. అది ఊగే కరెంటును రెండు వైపుల నుంచీ పట్టుకుని ఒకే దిక్కుకు మళ్లిస్తుంది, కాబట్టి దాని నుంచి వచ్చేదాంట్లోనూ సెకనుకు 100 అలలు ఉంటాయి. ఆ అలల్ని చదును చేయడం ఫిల్టర్ కండెన్సర్ల పని. చాసిస్ మీద, అంటే లోపలి సామాను బిగించిన ఇనప చట్రం మీద, నిలబెట్టిన అల్యూమినియం డబ్బా ఉంటుంది చూడండి, అదే. లోపల అల్యూమినియం రేకు, మధ్యలో రసాయనంతో తడిపిన కాగితం చుట్టి ఉంటాయి. పక్కనే వాల్వుల సెగ. ఆ పైన అరవై ఎండాకాలాలు, ప్రతి ఏడూ ఒక రోహిణి కార్తె. ఆ తడి ఆరిపోతుంది. తడి ఆరిన కొద్దీ అలలు మిగిలిపోతాయి, స్పీకర్లో వీధి ట్రాన్స్‌ఫార్మర్ శ్రుతి వినిపిస్తుంది.

మీ సన్నటి హమ్ ఆ శ్రుతిలోనే ఉంటే నూటికి తొంభై పాళ్లు ఈ కండెన్సర్లే. దానికంటే ఒక స్థాయి కిందికి, మంద్రంగా, 50 దగ్గర ఉంటే పాటను మొదట పెంచే ఈసీసీ83 వాల్వును అనుమానించాలి. దాన్ని వేడెక్కించే హీటరుకూ, ఆ వేడి అందుకునే కాథోడ్‌కూ మధ్య లీకేజీ మొదలైతే అలా పలుకుతుంది. సంగీతం చెవి ఉన్నవాళ్లకు ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. తెలియకపోతే ఇంకో దారి ఉంది. సెట్టు ఆపి, ఈసీసీ83 తీసేసి, మళ్లీ ఆన్ చేయాలి. హమ్ అలాగే ఉంటే దోషం కరెంటు సప్లై దగ్గర గానీ, స్పీకరును నడిపే ఈఎల్84 వాల్వు దగ్గర గానీ ఉంది. పోతే ఆ వాల్వు దగ్గరో, దానికి ముందో ఉంది. ఈ పరీక్ష కూడా ఇప్పుడు కాదు, షాక్ సంగతి తేలాకే.

మీరు వాల్వుల నంబర్లు రాయడం ఎంత మంచిదైందో చెప్పాలి. మీవన్నీ ఇంగ్లీషు 'E' అక్షరంతో మొదలయ్యేవి. అంటే ఒక్కోదానికీ 6.3 వోల్టుల హీటరు, అన్నిటికీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి విడివిడిగా కరెంటు. ఒకటి పీకినా మిగతావి వెలుగుతాయి. అదే యుఎల్84, యువై85 అని యు అక్షరంతో ఉంటే కథ వేరు. వాటి హీటర్లు దండలో పూలలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, చాలా సెట్లలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, చాసిస్ నేరుగా మెయిన్స్‌కు, అంటే గోడ కరెంటుకు, కలిసి ఉంటుంది. అలాంటి సెట్టయితే ఎర్త్ వైరు కలపమని కింద నేను రాసిందేదీ మీకు రాసేవాణ్ని కాదు, మూసి పెట్టమనేవాణ్ని. ఇది చదివి తమ ఇంట్లో సెట్టు విప్పబోయే మిగతా పాఠకులు ముందు ఆ అక్షరం చూసుకోవాలి.

ఇక ఆటోలో వచ్చిన హమ్. రికార్డు ప్లేయరుకు ఇనప పలక ఉంటుంది, దాని కింద మోటారు, పైన పికప్ చెయ్యి. ఈ పలకను రేడియో చాసిస్‌కు కలుపుతూ ఒక సన్నటి వైరు ఉండాలి, నల్లదో, తొడుగు లేని రాగిదో. ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ నుంచి పాటను మోసుకొచ్చే షీల్డు వైరు వేరే. దాని మీద అల్లిక జాలీ ఉంటుంది, ఆ జాలీ ఒక చివర చాసిస్‌కు సోల్డర్ అయి ఉండాలి. కాజీపేట నుంచి హన్మకొండ ఎంత దూరమని? అయినా ప్లేయరు పలక స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. రవాణాకు ముందు దాన్ని స్క్రూలతో బిగించాలని ట్రాలీ వాడికి ఎవరు చెబుతారు? ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అది ఎగిరి పడి ఉంటుంది. అరవై ఏళ్ల సోల్డర్ టక్కున ఊడుతుంది.

ఆ వైరు తెగితే ఏమవుతుందో చూడండి. మోటారు చుట్టల నుంచి ఇనప పలకలోకి కొద్దిగా కరెంటు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. వైరు ఉన్నన్నాళ్లూ అది చాసిస్‌లోకి పోయేది. ఇప్పుడు దారి లేక పలక మీదే, చెయ్యి మీదే నిలుస్తోంది. పక్కనే ఉన్న కార్ట్రిడ్జ్ వైరు దాన్ని పట్టుకుంటోంది, అది మీ పెద్ద హమ్. పాప వేలు పట్టుకుంటే జిల్లుమంది. ప్లగ్గు తిప్పితే ఫేజు ఎటు చేరుతుందో మారుతుంది కాబట్టి హమ్ కాస్త తగ్గింది. మూడు లక్షణాలకూ ఒక్క వైరు సరిపోతోంది. అయితే ఇది ఉత్తరం మీద నుంచి కట్టిన అనుమానం. మోటారు ఇన్సులేషనే పాడైనా, మెయిన్స్ నుంచి చాసిస్‌కు వేసే చిన్న కాగితం కండెన్సర్ లీకైనా జిల్లుమంటుంది. అందుకే మీటరు పెట్టాలి.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. ప్లగ్గు పీకి, ఒక పూట ఆగి, మీటరును ఓమ్స్‌లో పెట్టండి. ఒక మొన రేడియో చాసిస్‌కు, వెనక కనిపించే బోల్టుకైనా సరే. ఇంకో మొన ప్లేయరు పలక మీద పెయింట్ లేని చోట. సున్నాకు దగ్గరగా చూపాలి. అంకెలేమీ రాకపోతే వైరు తెగినట్టే, దొంగ దొరికాడు. తర్వాత రేడియో స్విచ్చి ఆన్ వైపు తిప్పి, ప్లేయరు మోటారు తిరిగే స్థితిలో పెట్టి, ఒక మొనను గోడ ప్లగ్గు పిన్నుకు, ఇంకోదాన్ని చాసిస్‌కు, ఆపైన పలకకు పెట్టి చూడండి. ప్లగ్గు మాత్రం గోడకు దూరంగా మీ చేతిలోనే ఉండాలి. ఇక్కడ మెగా ఓముల్లో రావాలి. వేలల్లో వస్తే నాలుగు డబ్బులు ఎక్కువైనా తెలిసినవాళ్లకే ఇవ్వండి, మీరు చెయ్యి పెట్టకండి.

వైరు దొరికి అతికించాక కూడా రెండు పిన్నుల ప్లగ్గు వద్దు. మూడు కోర్ల వైరు వేయించి, పచ్చది చాసిస్‌కు గట్టిగా బిగించాలి. మన ఇళ్లలో చాలా చోట్ల మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో చూపించండి. చాసిస్‌కు వేసిన ఆ చిన్న కాగితం కండెన్సర్‌ను తీసేయడమో, వై2 అని ముద్ర ఉన్న కొత్తది వేయడమో చేయాలి. ఇది చేస్తే ఇంట్లో వాళ్ల టెన్షన్ సగం పోతుంది.

ఇన్వర్టర్ మీద ఎప్పుడైనా పెట్టారా? చవక రకం ఇన్వర్టర్ అయితే కరెంటు పోయిన క్షణం నుంచీ బుర్రుమనే గరుకు చప్పుడు వస్తుంది, పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు అది మంచిది కాదు. రేడియోలో మాత్రమే చిటపట, జుయ్‌మనే రొద వస్తే ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు తీసి చూడండి. వాటికీ మీ హమ్‌కూ సంబంధం లేదు.

మెకానిక్ మాట దగ్గరికి వద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆ పచ్చ కన్ను వెలగదు, హైదరాబాద్ స్టేషన్ రాదు. మీకు రెండూ ఉన్నాయి. అతని మీద నాకు కోపం లేదు. ఇవాళ రిపేరు షాపుల్లో రోజంతా ఎల్ఈడీ టీవీల సప్లై బోర్డులే, 250 వోల్టులకు పైన ఉండే వాల్వు సెట్టు మీద చెయ్యి వేయడానికి జంకడం తెలివైన పనే. నాకు తెలియదు అనాల్సిన చోట ట్రాన్స్‌ఫార్మర్ పోయింది అన్నాడు, అంతే. ఇక ఈ వాల్వులు దొరకవన్నదీ నిజం కాదు. ఈఎల్84, ఈసీసీ83 గిటార్ యాంప్లిఫయర్లలో వాడతారు కాబట్టి కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. ఆ పచ్చ కన్ను మాత్రం పాత స్టాకులో వెతుక్కోవాల్సిందే.

బోర్డు పెట్టిస్తే ఏమవుతుందంటే, సన్నటి హమ్ పోతుంది. ఫోన్లో పాటలు వస్తాయి. పిల్లలకు నచ్చవచ్చు కూడా. కానీ మీకు కావలసింది రికార్డులు. తెగిన వైరు ప్లేయరు కింద ఉంది కదా, బోర్డు మార్చినా పెద్ద హమ్ అలాగే ఉంటుంది, జిల్లుమనడమూ అలాగే ఉంటుంది. ఇంకోటి, ఆ కాలపు కార్ట్రిడ్జ్ చాలావరకు క్రిస్టల్ లేదా సెరామిక్ రకం. దానికి మెగా ఓము స్థాయి ఇన్‌పుట్ కావాలి, వాల్వు అది ఇస్తుంది. చవక బోర్డులోకి నేరుగా పెడితే బేస్ అంతా పోయి గొంతు పీలగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది. పైగా పీకిన సామాను మళ్లీ పెట్టే ప్రసక్తే ఉండదు. 6 వేలు పోసి, 35 వేలు పలికే వస్తువును చెక్క బీరువా చేసినట్టు అవుతుంది.

రిపేరంటే మీరనుకున్నంత పెద్దది కాదు. ఫిల్టర్ కండెన్సర్లు రెండు, ఈఎల్84 ముందుండి దానిలోకి పాటను మాత్రం దాటించే కప్లింగ్ కండెన్సర్ ఒకటి, పైన చెప్పిన వైర్లు. సామాన్ల ఖర్చు వందల్లోనే ఉంటుంది, చేసేవాళ్ల కూలీ వేరు. ఆ కప్లింగ్ కండెన్సర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే హమ్ అనగానే అందరూ డబ్బా మార్చి దీన్ని వదిలేస్తారు. ఇది వేలెడంత కాగితం కండెన్సర్, పైన మైనం. ఇది లీకైతే ఈఎల్84 గ్రిడ్డు (పాట లోపలికి వెళ్లే పిన్ను) మీదికి ప్లస్ వోల్టేజీ ఎక్కుతుంది. వాల్వు అవసరానికి మించి కరెంటు లాగుతుంది, రెక్టిఫయర్ (ఆ ఈజెడ్80), ట్రాన్స్‌ఫార్మర్ రెండూ వేడెక్కుతాయి, హమ్ పెరుగుతుంది. సెట్టు నడుస్తుండగా ఈఎల్84 రెండో పిన్ను దగ్గర చాసిస్‌కు సున్నా ఉండాలి. కొద్దిగా ప్లస్ కనిపించినా ఆ కండెన్సర్ మార్చాల్సిందే. మూడో పిన్ను దగ్గర 7 వోల్టులు అటూ ఇటూగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 11, 12 ఉంటే వాల్వు ఎర్రబడే దారిలో ఉంది. ఈ కొలతలు చేతులు తిరిగినవాళ్లు తీసుకోవాల్సినవి. మీ పని, తీశారా అని అడగడం. "గ్రిడ్డు మీద ఎంతుంది?" అని అడిగి చూడండి. జవాబు వచ్చే తీరులోనే ఆ మనిషికి వాల్వులు తెలుసో లేదో తెలిసిపోతుంది.

ఫిల్టర్ కండెన్సర్ విషయంలో ఒక జాగ్రత్త. పెద్దది పెడితే హమ్ ఇంకా తగ్గుతుందని 220 మైక్రోఫారడ్లు తగిలించే వాళ్లున్నారు. ఈజెడ్80 మొదటి కండెన్సర్ 50 దాటితే తట్టుకోదు. డబ్బా మీద 32 ఉన్నా 50 ఉన్నా, ఇప్పుడు దొరికే 47 సరిపోతుంది. 450 వోల్టులది కావాలి. పాతదాన్ని తీగలు విప్పకుండా దాని మీదే కొత్తది అతికించడం కూడా వద్దు. డబ్బాను మాత్రం అందం కోసం అక్కడే ఉంచి, కొత్తవి చాసిస్ కింద పెట్టుకోవచ్చు.

నేను చిన్నప్పుడు కరీంనగర్‌లో ఒక రేడియో షాపులో రెండు ఎండాకాలం సెలవులు పనికి కూర్చున్నాను. పని అంటే దుమ్ము దులపడం, చాయ్ తేవడం. మా ఉస్తాదు సెట్టు ఆన్‌లో ఉండగా లోపల ముట్టుకోవాల్సి వస్తే ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు. ఏదో స్టైల్ అనుకునేవాణ్ని. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని చాలా తర్వాత తెలిసింది. సెట్టు ఆపాక కూడా ఆ డబ్బాలో కరెంటు నిలిచి ఉంటుంది. ఆయన 10 కిలో ఓముల రెసిస్టెన్స్ ఒకటి రెండు తీగలకు కట్టి ఉంచుకుని, పది సెకన్లు ఆనించి ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే విప్పేవాడు. కొత్తగా వచ్చిన ఏ సెట్టునూ నేరుగా గోడకు పెట్టేవాడు కాదు. 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి, బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే సరే అనేవాడు, భగ్గుమని అలాగే ఉంటే ఆపేసేవాడు. మీ సెట్టును కూడా రిపేరయ్యాక మొదటిసారి అలాగే లేపాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పాత తీగ బల్బు కావాలి.

ఎవరు చేస్తారు? ఫోన్లో అడిగేటప్పుడు రేడియో రిపేరు అనకండి, వాల్వు యాంప్లిఫయర్ చేస్తారా అని అడగండి. పెళ్లిళ్లకు మైక్ సెట్లు పెట్టిన పాతతరం వాళ్లు వరంగల్ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్లకు ఇది ఎడమచేతి పని. హైదరాబాద్‌లో హామ్ రేడియో వాళ్లు, అంటే సరదాకు సొంతంగా వైర్‌లెస్ సెట్లు నడిపేవాళ్లు, ఉన్నారు, వాళ్లకు హమ్ కొత్త కాదు. ఒకవేళ ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయినా దారి మూసుకుపోదు. మన దగ్గర బోరు మోటార్ల వైండింగ్ షాపులకు కొదవ లేదు, ఓపికున్నవాడు దొరికితే కొలతలు ఇచ్చి చుట్టించుకోవచ్చు. ఆలస్యమవుతుంది, ఖర్చూ వేలల్లోకి వెళ్తుంది. ఆ పరిస్థితి రాకుండా ఇప్పుడే ఆపమంటున్నాను.

ఐదు వారాల గడువుంది కాబట్టి మీకు నిజంగా తేల్చుకోవాల్సింది ఇక్కడ. ఎర్త్ వైరు, షీల్డు వైరు, కొత్త ప్లగ్గు మాత్రం వేసి, కండెన్సర్లు తర్వాత చూద్దామనుకోవచ్చు. ఒక రోజు పని. పెద్ద హమ్ పోతుంది, అమ్మకు అలవాటైన సన్నటిది ఉంటుంది. కానీ ఎండిపోయిన కండెన్సర్లతో పూటంతా నడిపితే సరిగ్గా ఆ రోజే చుట్టాల ముందు పొగ రావచ్చు, రాకపోనూవచ్చు. నేనైతే ఆ జూదం ఆడను. అంతా చేయిద్దామంటే ఈ వారమే మొదలుపెట్టాలి. మనిషి దొరక్కపోతే ఆ రోజుకు ఎవరి దగ్గరైనా ప్లేయరు అడిగి తెచ్చుకుని, పెట్టెను పక్కన మూసి ఉంచి పాటలు వేయొచ్చు. అమ్మకు అది నచ్చుతుందా అన్నది ఆమెనే అడగాలి. ఆమె కోరింది పాటలో, ఆ పెట్టె నుంచి వచ్చే పాటలో మీరు ఉత్తరంలో రాయలేదు. అడిగినట్టు కూడా లేదు.

అమ్మకం గురించి. అమ్మడం తప్పేమీ కాదు. అమ్మదలిస్తే మాత్రం బోర్డు పెట్టించకముందే అమ్మాలి. ఇలాంటివి కొనేవాళ్లు లోపలి సామాను అసలైనదేనా అని టార్చి వేసి చూస్తారు. ఆ లైసెన్సు పుస్తకం పారేయకండి. 1933 చట్టం కింద రేడియో ఉంచుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాల్సి వచ్చేది, 1980లలో ఎత్తేశారు. పెట్టెతో పాటు పుస్తకం ఉంటే విలువ పెరుగుతుంది. షాక్ కొడుతుందన్న సంగతి కొనేవాళ్లకు దాచకూడదు, దాచి అమ్మితే రేపు ఇంకో ఇంట్లో ఇంకో పాప ముట్టుకుంటుంది. బాగు చేయించి అమ్మితే ధర ఇంకా రావచ్చు. అయితే అది అమ్మేది మీరూ కాదు, మీ తమ్ముడూ కాదు. బాపు తర్వాత ఆ మాట చెప్పాల్సింది అమ్మే.

తమ్ముడి దగ్గర మీరు ఇంకో చప్పుడు విని, దాన్ని 35 వేల చప్పుడు అనుకుంటున్నారు. "నన్ను అడిగే తెచ్చినవా?" అన్న మాటకు మీరు ఉత్తరంలో ఒక్క లైను ఇచ్చారు, ధరకు అర పేజీ ఇచ్చారు. ఆయన ముందు ఏమన్నారు? అడగలేదన్నారు. అది నిజం కూడా, ట్రాలీ మాట్లాడింది మీరొక్కరే. పాడైంది కదా అమ్మేద్దాం అన్నది ఆ తర్వాత వచ్చింది. నాకు ఆయన తెలియదు, డబ్బు అవసరం నిజంగానే ఉండొచ్చు. ఉంటే అది ఈ పెట్టెతో తీరేది కాదు, విడిగా మాట్లాడుకోవాల్సింది. కానీ ముందు అడగకుండా తెచ్చాను, తప్పయిందిరా అని చెప్పి చూడండి. ఇక్కడ మెకానిక్ లాగా ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని తీర్పు ఇవ్వడం సులువు. తమ్ముడు మారిపోయాడు, డబ్బు మనిషయ్యాడు అని. ఏ తీగ ఎక్కడ ఊడిందో చూశాక అనుకోండి, అప్పటికీ అలాగే అనిపిస్తే.

ఆయన హైదరాబాద్‌లో ఉండటం మీకు కలిసొచ్చేదే. సామాను దొరికేది కోఠిలో, గుజరాతీ గల్లీలో. ఆదివారం తప్పించి వెళ్లమనండి. అడగాల్సినవి ఇవి: 47 మైక్రోఫారడ్ 450 వోల్టుల కండెన్సర్లు రెండు, పాతదాని మీద ఉన్న విలువకే 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ ఒకటి, 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి, షీల్డు వైరు రెండు మీటర్లు, వై2 కండెన్సర్ ఒకటి. ఫోటో తీసి పంపండి, లోపలి కండెన్సర్ మీద అంకె ఆయనకూ కనిపించేలా. పంపేముందు వెనక భాగం కుంచెతో దులపండి, మీ పెట్టెలోనూ బల్లి గుడ్లు, ఎలుక కొరికిన తీగలు ఉండే ఉంటాయి.

అమ్మను ఇంకో సంగతి కూడా అడగండి, ఏ రికార్డు వేయాలో. పికప్ చెయ్యి కొసన చిన్న మీట ఉంటుంది, తిప్పితే ముల్లు మారుతుంది. ఒకవైపు 78 అని, ఇంకోవైపు ఎల్‌పీ అని ఉంటుంది. ఆమె చెప్పేది బరువుగా, పింగాణీలా పగిలే పాత రికార్డు అయితే 78 వైపు తిప్పాలి. లేకపోతే హమ్ లేకున్నా గరగరే వస్తుంది, ముల్లూ పాడవుతుంది. ముందురోజే ఒకసారి వేసి చూసుకోండి. రిపేరయ్యాక మొదటి వారం ఆ చెయ్యిని పాపతో ముట్టించకండి, ముందు మీరు టెస్టర్ పెట్టి చూడండి.